గుట్ట ఎక్కితే పైసలు రావు, అడిగితే వస్తాయి

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఆదివారం వస్తే నలుగురైదుగురు స్నేహితులం కలిసి ఏదో ఒక గుట్ట ఎక్కి వస్తాం. చాలా ఏళ్ల అలవాటు. ఫొటోలు చూసి ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు 'మమ్మల్ని కూడా తీసుకుపోండి సార్' అంటున్నారు. మా అత్తగారి ఊరు ములుగు జిల్లాలో ఉంది. అక్కడి సర్కారు బడిలో పది పాసైన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటర్‌లో చేరకుండా పత్తి ఏరడానికో మిర్చి తోటల్లో కూలికో పోతున్నారు. ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్ల దగ్గర మనిషికి ఇంత అని తీసుకుని, ఖర్చులు పోను మిగిలింది ఆ పిల్లల చదువుకు ఇవ్వాలని నా ఆలోచన. మాకు లాభం ఏమీ వద్దు. మనిషికి ఎంత పెట్టాలి? ఎన్జీవో రిజిస్టర్ చేయించాలా? పిల్లలను కూడా వెంట తీసుకెళ్తే దాతలకు నమ్మకం కుదురుతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు లక్ష రూపాయలు పంపుతానంటున్నాడు, తీసుకోవచ్చా? అందరికీ ఒకేలాంటి టీ షర్టులు కుట్టిద్దామని కూడా అనుకుంటున్నాం. మా ఆవిడ మాత్రం 'పైసల జోలికి పోతే మాట పడతారు, ఊరికే నడిచి రండి' అంటోంది.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సార్, మీ ఆవిడ మాటతోనే మొదలుపెడతాను. పదిమంది పైసలు చేతిలోకి తీసుకున్నాక మాట పడటం ఎంత తేలికో ఆవిడకు తెలుసు. అలాగని ఊరికే నడిచి రమ్మని నేను చెప్పను. స్వచ్ఛంద సంస్థల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి, మాట పడకుండా ఈ పని చేసే దారి ఉందని చెప్పగలను. కాకపోతే అది మీరు అనుకుంటున్న దారి కాదు.

మనిషికి ఎంత పెట్టాలి అని అడిగారు. ముందు ఒక కాగితం మీద లెక్క వేద్దాం. హనుమకొండ నుంచి పాండవుల గుట్టలకు 24 మందిని తీసుకెళ్తున్నారు, మనిషికి 800 రూపాయలు పెట్టారు అనుకోండి. చేతికి వచ్చేది 19,200. మినీ బస్సుకు డీజిల్, డ్రైవర్ బత్తాతో కలిపి 9,000 వేసుకుందాం. మీ నలుగురితో కలిపి 28 మందికి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం 150 చొప్పున 4,200. దారి చూపించే ఇద్దరు ఊరివాళ్లకు 800 చొప్పున 1,600. మంచినీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఫస్ట్ ఎయిడ్ సామాను 800. ఎంట్రీ, పార్కింగ్, చిల్లర ఖర్చులు 600. మొత్తం 16,200. మిగిలింది 3,000. అంటే ఒక ఆదివారం పొద్దున నాలుగింటికి లేచి, 24 మందిని క్షేమంగా ఎక్కించి దించి, రాత్రికి ఇంటికొచ్చేసరికి పిల్లల ఖాతాలో పడేది మనిషికి 125 రూపాయలు. చివరి నిమిషంలో నలుగురు రాలేమన్నారంటే అదీ పోయి చేతి నుంచి పెట్టుకోవాలి. రేటు 1,500కి పెంచితే మిగులు పెరుగుతుంది కదా అంటారేమో. అప్పుడు వచ్చేది డబ్బున్నవాళ్లు మాత్రమే. వాళ్లు ఏసీ బస్సు కావాలంటారు, బిర్యానీ ఏదంటారు. మీరు ట్రావెల్స్ నడుపుతున్నట్టు అవుతుంది.

నా మాట ఒక్కటే సార్. నడక మీద సంపాదించాలని చూడకండి. నడకకు వచ్చే మనుషుల చేత అడిగించండి. నడక రుసుము నడక ఖర్చులకే సరిపోయేట్టు పెట్టండి, పైసా మిగలక్కర్లేదు. పిల్లల డబ్బు వేరే దారిలో రావాలి. మీ వెంట రావాలనుకునే ప్రతి ఒక్కరికీ ఒక షరతు పెట్టండి: బయలుదేరే ముందు మూడు వారాల్లో, తనకు తెలిసిన ఐదుగురిని తలా 500 అడగాలి. 'అన్నా, వచ్చే నెల పాండవుల గుట్టలెక్కుతున్న. మా సార్ వాళ్లు ఇద్దరు పిల్లలను ఇంటర్ చదివిస్తున్నరు. నేను గుట్ట ఎక్కినందుకు నువ్వు ఒక ఐదొందలు వేస్తవా?' అంతే. ఇరవై నాలుగు మంది ఐదుగురి చొప్పున అడిగితే 120 మంది. సగం మంది మొహం చాటేసినా 30,000 వస్తాయి. అదే గుట్ట, అదే బస్సు, అదే ఆదివారం, కానీ మూడు వేలకు బదులు ముప్పై వేలు.

ఇది విదేశాల నుంచి తెచ్చుకోవాల్సిన విద్య కాదు. మన వాడకట్టుల్లో వినాయకుడి చందా వసూలయ్యే పద్ధతే. వాకిట్లో నిలబడ్డ పిల్లవాడు ఫలానా వాళ్ల అబ్బాయి అని తెలుసు కాబట్టి వంద ఇచ్చేవాళ్లు రెండొందలు ఇస్తారు. రసీదు చింపి చేతిలో పెడతారు, చివరి రోజు మైకులో ఎవరెంత ఇచ్చారో చదువుతారు. ముక్కూ మొహం తెలియని సంస్థ పంపే మెసేజ్‌కి, తోటి ఉద్యోగి నోటితో అడిగినదానికి అంత తేడా ఉంటుంది. మీరు అడిగితే మీకు తెలిసినవాళ్లే ఇస్తారు, అదీ ఒక్కసారి. మీతో నడిచేవాళ్లు అడిగితే మీకు పేరు కూడా తెలియని వంద మంది ఇస్తారు. గుట్ట చేసే పనల్లా అడగడానికి మొహమాటపడే మనిషికి ఒక సాకు ఇవ్వడం. అది చిన్న విషయమేమీ కాదు. మన మధ్యతరగతి వాళ్లు ఊరికే చెయ్యి చాపమంటే చచ్చినా చాపరు, 'గుట్ట ఎక్కుతున్నా' అనడానికి మాత్రం ఎవరికీ సిగ్గుండదు.

ఇక పైసలు ఎవరి ఖాతాలోకి? మీ ఫోన్‌పే నంబరు మాత్రం ఇవ్వకండి. ఈ ఉత్తరంలో మీరు మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తు పెట్టుకోండి. మీ సొంత ఖాతాలోకి వంద మంది నుంచి ఐదొందలు, వెయ్యి పడుతుంటే రేపు ఆదాయపు పన్ను వాళ్లు అడిగినా, మీ కాలేజీలో గిట్టనివాడు అడిగినా మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. మీ ఆవిడ భయం నిజమయ్యేది సరిగ్గా ఇక్కడే.

రిజిస్ట్రేషన్ గురించి అడిగారు. ఈ ఏడాది వద్దు. సొసైటీ పెట్టాలంటే మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. బైలాస్ (సంస్థ నియమావళి) రాసుకోవాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి, జాబితాలు దాఖలు చేయాలి. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర, సంస్థ ఆదాయం మీద పన్ను పడకుండా 12ఏ అని పిలిచే గుర్తింపు, దాతలకు పన్ను మినహాయింపు వచ్చేలా 80జి అని పిలిచే గుర్తింపు కోసం మళ్లీ దరఖాస్తులు. మొదటి ఏడాది మీ శక్తంతా కాగితాలకే పోతుంది. చాలా సొసైటీలు బోర్డు మీద పేరుతో, లెటర్‌హెడ్‌తో అక్కడే ఆగిపోతాయి. దాని బదులు వరంగల్, హనుమకొండ, ములుగులో పిల్లల చదువు మీద ఇప్పటికే పనిచేస్తూ, 80జి ఉన్న సంస్థ ఒకటి చూసుకోండి. చూసుకోవడం అంటే వాళ్ల ఆఫీసులో కూర్చుని, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చూపించమని అడగడం. చూపించడానికి ఇబ్బంది పడే సంస్థకు దండం పెట్టి బయటికి రండి. చూపించినవాళ్లతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఈ పేరుతో వచ్చే చందా అంతా ఈ బడి పిల్లల ఇంటర్ చదువుకే వాడాలి, మూడు నెలలకోసారి లెక్క ఇవ్వాలి, నిర్వహణ ఖర్చుల కింద ఎంత పట్టుకుంటారో ముందే చెప్పాలి. చందాలు నేరుగా ఆ సంస్థ ఖాతాకే పోతాయి. మీ చేతికి వచ్చేది బస్సు, భోజనం డబ్బు మాత్రమే, అది మిత్రులు ఖర్చు పంచుకోవడం కిందికి వస్తుంది. రెండేళ్లు ఇలా నడిచి, మనుషులు నిలబడితే, అప్పుడు మీ సొంత సొసైటీ గురించి ఆలోచించవచ్చు.

80జి గురించి ఒక మాట, ఎందుకంటే దీని మీద చాలామందికి తప్పుడు అభిప్రాయం ఉంది. 'ట్రెక్కింగ్ ఫీజు కట్టండి, పన్ను మినహాయింపు పొందండి' అని పోస్టరు వేయకండి. బస్సెక్కి, భోజనం చేసి, గైడ్ వెంట గుట్ట ఎక్కినందుకు కట్టింది సేవకు ఇచ్చిన ధర. అది విరాళం కాదు, దానికి 80జి రసీదు ఇవ్వకూడదు. ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా ఇచ్చిందే విరాళం. నగదు రూపంలో 2,000 దాటి ఇస్తే మినహాయింపు వర్తించదు. దాత కొత్త పన్ను విధానంలో ఉంటే అసలే వర్తించదు, ఇప్పుడు జీతగాళ్లలో చాలామంది అందులోకే మారిపోయారు. కాబట్టి మినహాయింపును ఎర వేసి చందా అడగొద్దు. పాత విధానంలో ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ ఇప్పించండి చాలు. నడక పైసలకు, చందాకు వేరువేరు ఖాతాలు ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

మీ తమ్ముడి లక్ష రూపాయల సంగతి. ఆయన చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టేనా, అమెరికా పాస్‌పోర్టా? భారత పౌరుడిగానే ఉంటే, తన సొంత కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా మన సంస్థకు పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. 2010 విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్టరై, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసం ప్రత్యేక ఖాతా ఉన్న సంస్థలే అది తీసుకోగలవు. 'ముందు నాకు పంపు, నేను సంస్థకు వేస్తా' అనే తెలివి మాత్రం వద్దు. ఇంట్లోవాళ్ల మధ్య పంపకాలు వేరు, ఒక సంస్థకు విరాళాన్ని అడ్డదారిలో చేర్చడం వేరు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ దొరక్కపోతే, సంక్రాంతికో దసరాకో వచ్చినప్పుడు తమ్ముణ్ణి కూడా గుట్ట ఎక్కించండి, ఇక్కడున్న తన క్లాస్‌మేట్లను తనే అడుగుతాడు. లక్ష కంటే ఎక్కువే రావచ్చు.

అసలు విషయానికి వద్దాం. ఆ పిల్లలకు పైసలు దేనికి కావాలి? మీ ఉత్తరంలో 'చదువుకు ఇవ్వాలని' అని ఒక్క ముక్కలో దాటేశారు. సర్కారు జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు. గురుకుల జూనియర్ కాలేజీలో చదువు, తిండి, హాస్టల్ అన్నీ ఉచితం. కస్తూర్బా విద్యాలయాలు కొన్నింటిలో ఇంటర్ కూడా ఉంది. పదిలో మంచి మార్కులు వచ్చినవాళ్లకు బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, 2008లో పెట్టిందే సర్కారు బడుల్లో చదివిన పల్లెటూరి పిల్లల కోసం. మరి ఇన్ని ఉన్నా ఆ పిల్ల మిర్చి తోటకు ఎందుకు పోతోంది?

వెళ్లి ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని అడగండి. ఒక ఇంట్లో కాలేజీకి పోయే బస్సు సాయంత్రం నాలుగున్నరకే చివరిది, ఆ తర్వాత ఆటోలో ఆడపిల్లను రానివ్వరు. ఇంకో ఇంట్లో కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం మీసేవకు రెండుసార్లు తిరిగి, కూలి పోయిందని మానేశారు. అవి లేక ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పడలేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గూడేలు కట్టుకున్న గొత్తికోయ కుటుంబాల పిల్లలకైతే కుల ధ్రువపత్రమే పెద్ద గండం. మరో ఇంట్లో బాసరలో సీటు వచ్చింది, చేరేనాడు కట్టాల్సిన డబ్బు, పెట్టె, పరుపు, రెండు జతల బట్టలు కలిపి పది పదిహేను వేలు ఎక్కడా పుట్టలేదు. ఇంకెక్కడో తల్లికి జబ్బు, చెల్లెలిని చూసుకునేవాళ్లు లేరు. వీటిలో కొన్ని పైసలతో తీరతాయి, కొన్ని ఒక మనిషి స్కూటర్ మీద వెంట తిరిగితే తీరతాయి, కొన్ని మనతో తీరవు. మీసేవ పని పైసలది కాదు, మీరు లెక్చరర్లు నలుగురు జూన్‌లో ఒక వారం కేటాయిస్తే అయిపోతుంది. అందుకే గుట్ట ఎక్కే ముందు బడి హెచ్ఎంని కలవండి. ఇప్పుడు బడుల్లో తల్లులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి, ఆ తల్లులతో మాట్లాడితే ఏ ఇంట్లో ఏముందో గంటలో తెలిసిపోతుంది.

మొదటి ఏడాది ఇద్దరు పిల్లలు చాలు. ముగ్గురు కూడా ఎక్కువే. ఇంటర్ అంటే రెండేళ్లు. మొదటి ఏడాది చదివించి, రెండో ఏడాది 'ఈసారి చందాలు సరిగ్గా రాలేదమ్మా' అని చెప్పడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. రెండో ఏడాది డబ్బు కూడా ఖాతాలో పడ్డాకే ఒక పేరు ఒప్పుకోండి. ఇంకో తిరకాసు ఉంది. మన దగ్గర గుట్టలెక్కే కాలం అక్టోబర్ నుంచి ఫిబ్రవరి. అడ్మిషన్ల కాలం జూన్, జులై. మధ్యలో మూడు నాలుగు నెలలు ఆ డబ్బు ఖాతాలో ఊరికే కూర్చుంటుంది. అప్పుడే 'సార్ వాళ్లు ఏం చేసిన్రో' అన్న మాట పుడుతుంది. కాబట్టి ప్రతి నడక తర్వాత సోమవారం నాడు వాట్సాప్ గ్రూపులో ఒక పేజీ పెట్టండి: బస్సుకు ఇంత, భోజనాలకు ఇంత, గైడ్లకు ఇంత, చందా ఇంత, సంస్థ ఖాతాలో నిల్వ ఇంత. బిల్లుల ఫొటోలతో సహా. మార్చిలో, ఏప్రిల్‌లో నడక లేకపోయినా ఆ పేజీ పడాలి. లెక్క రాసేది మీరు కాకూడదు, మీ ఆవిడ అసలే కాకూడదు. మొగుడు వసూలు చేసి పెళ్లాం లెక్క రాస్తే ఎంత నిజాయితీ ఉన్నా చూసేవాళ్లకు వేరేగా కనబడుతుంది. మీ నలుగురిలో డబ్బు విషయంలో అందరూ కాస్త పిసినారి అనుకునే మనిషి ఒకడుంటాడు కదా, ఆయనకు అప్పగించండి.

పిల్లల ఇంట్లో చేతికి నగదు ఇవ్వకండి. బస్ పాస్ కావాలంటే ఆర్టీసీ కౌంటర్లో, సైకిల్ కావాలంటే దుకాణంలో, హాస్టల్ ఫీజు అయితే హాస్టల్ ఖాతాలో సంస్థే కట్టాలి. ఇది వాళ్ల మీద అనుమానంతో చెప్పేది కాదు. ఇంట్లో జ్వరం వస్తే ఆ డబ్బు జ్వరానికే పోతుంది, పోవాలి కూడా. ఆ ఇరకాటంలో వాళ్లను పెట్టకూడదు.

పిల్లలను దాతల వెంట గుట్టకు తీసుకెళ్లడం గురించి మీ స్నేహితుడు చెప్పింది నాకు నచ్చలేదు. పదహారేళ్ల అమ్మాయిని ఇరవై మంది ఉద్యోగస్తుల ముందు నిలబెట్టి, 'ఈమెనే మనం చదివిస్తున్నాం' అని చెప్పి, గ్రూప్ ఫొటో తీసి స్టేటస్ పెడితే, ఆ అమ్మాయి క్లాసులో మర్నాడు తలెత్తుకోగలదా? ఆ ఫొటో ఊళ్లో తిరుగుతుంది. పేర్లు, ఊరు, మొహం ఏవీ బయటకు రాకూడదు. 'మొదటి సంవత్సరం బైపీసీ, ములుగు జిల్లా' అన్నంతవరకు చెబితే దాతకు చాలు. అది చాలదనే దాత దగ్గర తీసుకోకపోయినా నష్టం లేదు.

కానీ పిల్లలను గుట్ట ఎక్కించడం మాత్రం తప్పక చేయండి. వేరే రోజు, దాతలు లేకుండా. నిజామాబాద్ జిల్లా పాకాల అనే పల్లెటూరి అమ్మాయి మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి బండల మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు. ఆ పిల్లలకు ఎవరో బండ చూపించి, తాడు చేతికిచ్చి, ఎక్కమన్నారు. మీరు ఆ బడి పిల్లలందరికీ, చదివించే ఇద్దరికే కాదు, ఒక రోజు ఆ అవకాశం ఇవ్వండి. హెచ్ఎం అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, వెంట ఇద్దరు టీచరమ్మలు ఉండాలి. మంచి భోజనం పెట్టండి. ఆ రోజు ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు.

ఇక గుట్టల గురించి. మీకు నాకంటే ఎక్కువే తెలుసు, కానీ నలుగురు స్నేహితులతో ఎక్కడం వేరు, కొత్తవాళ్లను పాతిక మందిని ఎక్కించడం వేరు. మొదటి నడకకు బస్సే వద్దు. పద్మాక్షి గుట్ట ఊళ్లోనే ఉంది, మడికొండ మెట్టుగుట్ట పక్కనే ఉంది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎండ ముదరకముందే ఇంటికి చేరొచ్చు, ఖర్చు టిఫిన్ అంత. ఎవరు మాట వింటారు, ఎవరు సెల్ఫీ కోసం అంచుకు పోతారు, ఎవరికి మోకాళ్ల నొప్పి అన్నది అక్కడే బయటపడుతుంది. అంచుకు పోయేవాణ్ణి రెండోసారి పిలవకండి, ఎంత చందా తెచ్చినా సరే.

రెండోదానికి పాండవుల గుట్టలు మంచివే. ఇసుకరాయి బండల కింద, ఎదురు పాండవుల దగ్గర, వేల ఏళ్ల నాటి ఎర్ర రంగు బొమ్మలున్నాయి. అడవిదున్న, జింక, చారికలుగా వెలిసిన గీతలు. ఎండ పక్కకు తిరిగినప్పుడు కానీ సరిగ్గా ఆనవు. ఫొటోలో స్పష్టంగా రావాలని కొందరు వాటి మీద బాటిల్ నీళ్లు చల్లుతారు. చల్లిన ప్రతిసారీ రంగు కాస్త పోతుంది, పైన ఉప్పు పొర పేరుకుంటుంది. బస్సు దిగకముందే ఈ సంగతి గట్టిగా చెప్పండి. అక్కడ ఇంకో ప్రమాదం తేనెతుట్టెలు. ఎత్తైన బండ చూరుల కింద వేలాడుతుంటాయి. సెంటు కొట్టుకుని వచ్చినవాళ్లు, సిగరెట్ వెలిగించేవాళ్లు, రాయి విసిరే పిల్లకాయ మనస్తత్వం ఉన్నవాళ్లు ఒక్కరుంటే చాలు గుంపంతా పరుగెత్తాలి. ఏ చూరు కింద ఈ ఏడాది తుట్టె పెట్టిందో మేకలు కాసేవాళ్లకు తెలుస్తుంది, మీకూ నాకూ తెలియదు. గైడ్లుగా ఊరివాళ్లను పెట్టుకోమని, వాళ్ల కూలి తగ్గించవద్దని నేను చెప్పేది అందుకే. 'సేవా కార్యక్రమం కదా, ఊరికే రా' అని వాళ్లను అడగకండి. మీరు లాభాపేక్ష లేకుండా చేస్తున్నారు, నిజమే. కానీ గైడుగా వచ్చే ఆ కాపరి ఆ రోజు మేకలు కాసే మనిషిని వేరే పెట్టుకోవాలి.

కాస్త చరిత్ర ఇష్టపడే గుంపయితే కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలమ్మ గుట్టకు తీసుకెళ్లండి. కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం ఉంది, అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. ఎక్కడం తక్కువ, చెప్పుకోవడం ఎక్కువ. అరవై దాటినవాళ్లు కూడా వస్తారు, చందా ఇవ్వడంలో వాళ్లదే పెద్ద చెయ్యి. పెద్దపల్లి వైపు రామగిరి ఖిల్లాకు మాత్రం శ్రావణంలో పోకండి. వనమూలికల కోసం, మొక్కుల కోసం వచ్చే జనంతో కిటకిటలాడుతుంది, పాచి పట్టిన రాళ్లు జారుతాయి. దసరా తర్వాత పోండి.

వానాకాలం జలపాతాలు వద్దే వద్దు. అందరూ అడిగేది అదే, నాకు తెలుసు. 2023 జులైలో వెంకటాపురం మండలంలో ముత్యంధార జలపాతం చూడ్డానికి పోయిన 80 మంది దాకా, వాగు పొంగి తిరిగి రాలేక రాత్రి అడవిలోనే చిక్కుకుంటే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయక దళం) వాళ్లు పోయి తీసుకొచ్చారు. ఆ వారంలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. పొద్దున పిక్కల లోతు దాటిన వాగు సాయంత్రానికి నిలువెత్తు అవుతుంది అక్కడ. వాజేడు, వెంకటాపురం వైపు సరిహద్దు గుట్టల్లో మందుపాతరల ముప్పు కూడా చూశాం, ఊరివాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా గుంపుగా పోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. పిల్లల చదువు పేరు చెప్పి వెళ్లినవాళ్ల మీద కేసంటే, మర్నాడు పేపర్లో వచ్చేది మీ ఫొటోనే కాదు, ఆ బడి పేరు కూడా.

జాగ్రత్తల్లో రెండే చెబుతాను, మిగతావి మీకు తెలిసినవే. గుంపు ముందర ఒకరు, అందరికంటే వెనక ఇంకొకరు మీవాళ్లే ఉండాలి. వెనక నడిచే మనిషిని దాటి ఎవరూ వెనక్కి పోకూడదు. పాము కరిస్తే గుడ్డ బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ కిందికి తెచ్చి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే సర్కారు ఆస్పత్రికి చేర్చండి, వరంగల్ చుట్టుపక్కలైతే ఎంజీఎంకి. గుట్ట మీద సిగ్నల్ ఎక్కడ అందుతుందో ముందు వారమే వెళ్లి చూసి రాసుకోండి. గ్రూప్ ప్రమాద బీమా దొరుకుతుంది, తీసుకోండి. 'ప్రమాదం జరిగితే నాదే బాధ్యత' అని అందరి దగ్గరా సంతకాలు తీసుకున్నంత మాత్రాన మీ నిర్లక్ష్యం మాఫీ కాదు.

టీ షర్టులు వద్దు సార్. 24 టీ షర్టులకు 250 చొప్పున 6,000 అవుతుంది, ఆ డబ్బుకు ఒక సైకిల్ వస్తుంది. మీవాళ్లకు మరీ మోజుగా ఉంటే ఎవరిది వాళ్లు కొనుక్కోవచ్చు, చందాలోంచి మాత్రం కాదు. బ్యానర్ కొట్టించుకోండి, ఒకటి చాలు, తేదీ వేయించకుండా కొట్టిస్తే మూడేళ్లు వస్తుంది. దాని మీద పిల్లల బొమ్మలు, మీ బొమ్మలు వేయించకండి. సంస్థ పేరు, ఖాతా క్యూఆర్ కోడ్ ఉంటే సరిపోతుంది.